ఇక్కత్ చీరల ఫొటోలను వందల్లో ఒకేసారి దిద్దడం: ఏఐకి ఏ పని అప్పగించాలి, ఏది అప్పగించరాదు

ఆన్‌లైన్‌లో ఒక చేనేత చీరను అమ్మాలంటే దానికి కనీసం ఆరు ఫొటోలు కావాలి. మడతపెట్టిన చీర ఒకటి, పరిచిన బాడీ ఒకటి, అంచు, కొంగు, రవిక గుడ్డ, వెనుక వైపు ఒక్కొక్కటి. దసరాకు ముందు ఒక మాస్టర్ వీవర్ (నేతగాళ్లతో నేయించే ఆసామి) 60 చీరలు తెచ్చి బల్ల మీద పెడితే లెక్క 360 ఫొటోలకు చేరుతుంది. ఒక్కో ఫొటోకు నాలుగు నిమిషాలే వెచ్చించినా మొత్తం 24 గంటలు అవుతుంది, అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున మూడు రోజులు కంప్యూటర్ ముందు నుంచి లేవకూడదు. అదే పనిని బ్యాచ్‌గా చేసి, మనిషి కన్ను అవసరమైన చోట మాత్రమే మనిషి కూర్చుని, ఒక పూటలో ముగించే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. నల్లగొండలో నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం చీరలు కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఇక్కత్‌వే ఉంటాయి. గద్వాల, నారాయణపేట చీరలకు పద్ధతి మారే చోట విడిగా చెబుతాను.

పనిలోకి దిగే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి, ఎందుకంటే తరువాతి నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఇక్కత్‌లో నూలును నేయకముందే చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట్ల దారంతో బిగించి, రంగు అద్దుతారు. కట్టు కిందికి రంగు కొద్దిగా పాకడం వల్లా, మగ్గం మీద పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరగడం వల్లా బొమ్మల అంచులు ఈకల్లాగా చెదిరి కనిపిస్తాయి. పడుగుకూ పేకకూ రెండింటికీ చిటికి కట్టిన చీరల్లో ఈ చెదురు నాలుగు వైపులా ఉంటుంది. చూసేవారికి అది ఇక్కత్ ఆనవాలు. ఏఐ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అది చేయి కదిలి మసకబారిన ఫొటో. దాన్ని సరిచేయమని మనం అడగకపోయినా అది సరిచేస్తుంది. మొదట్లో ఒకసారి నేను రెండు వందలకు పైగా ఫొటోలను షార్పెనింగ్ (గీతలకు పదును పెంచే సవరణ) పెట్టి రాత్రంతా నడిపించి, పొద్దున చూసుకుని మురిసిపోయాను. పుట్టపాక నుంచి వచ్చిన పెద్దమనిషి ఒక్కటి చూసి, “ఇది మా చీర కాదు బిడ్డా, అచ్చు గుద్దిన చీర లెక్క కొడుతున్నది” అన్నాడు. ఆయన మాట నిజమే. ఇక్కత్‌ను అనుకరించి అచ్చువేసిన బట్టలో బొమ్మ అంచులు గీత గీసినట్టు ఉంటాయి, నా ఫొటోల్లోనూ అలాగే ఉన్నాయి. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్‌ను నేను చేతులారా నకిలీగా మార్చినట్టయింది. అన్నీ మళ్లీ మొదటి నుంచి చేశాను. అప్పటి నుంచి నేను పాటించే నియమం ఒక్కటే: కెమెరా చేసిన తప్పును ఏఐ దిద్దవచ్చు, మగ్గం చేసిన పనిని ముట్టుకోకూడదు.

తీసేటప్పుడు పాటించవలసినవి

బ్యాచ్ ఎడిటింగ్ అంటే ఒక ఫొటోకు కుదిరిన సెట్టింగులను మిగతావాటికి అంటించడమే. ఆ ఫొటోలన్నీ ఒకే వెలుతురులో, ఒకే ఎక్స్‌పోజర్‌తో తీసి ఉంటేనే అది పనికొస్తుంది, లేకపోతే ఒక ఫొటో తప్పును వంద ఫొటోలకు పంచినట్టవుతుంది. అందువల్ల కెమెరాను మాన్యువల్ మోడ్‌లో పెట్టి, ఫొటోలో పడే వెలుగును (ఎక్స్‌పోజర్‌ను) నిర్ణయించే షట్టర్, అపర్చర్, ఐఎస్‌ఓలను ఒకసారి నిర్ణయించుకుని మళ్లీ కదపకూడదు. తెలుపు తెల్లగా పడేలా కెమెరా తానే రంగులు సర్దే ఆటో వైట్ బ్యాలెన్స్ అసలే వద్దు. ఎర్ర చీర పెట్టగానే కెమెరా ఆ ఎరుపును తగ్గించడానికి నీలం వైపు జరుగుతుంది, పక్కన నీలం చీర పెట్టగానే పసుపు వైపు జరుగుతుంది, దాంతో తెల్లటి గోడ ప్రతి ఫొటోలో ఒక్కో రంగులో పడుతుంది.

కిటికీ వెలుతురు, ట్యూబ్‌లైటు రెండూ కలిసిన గదిలో తీయడం అందరూ చేసే పొరపాటు. చీరలో కిటికీ వైపు భాగం నీలంగా, లైటు వైపు భాగం వేరే ఛాయలో వస్తే ఏ సాఫ్ట్‌వేరూ ఒక్క సెట్టింగుతో దాన్ని సరిచేయలేదు. ఏదో ఒకదాన్ని ఎంచుకోవాలి. లైట్లే ఎంచుకుంటే షట్టర్ సంగతి గుర్తుంచుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, కంటికి అది తెలియదు. షట్టర్ 1/50 లేదా 1/100 దగ్గర ఉంటే ఇబ్బంది ఉండదు, అంతకంటే వేగంగా పెడితే ఒక ఫొటో వెలుగుగా, మరొకటి చీకటిగా, ఒక్కోసారి అడ్డంగా నీడ పట్టీలతో వస్తుంది. వెలుతురు మారిన ప్రతిసారీ చీర మీద గ్రే కార్డు (రంగు సరిచూసే బూడిద రంగు అట్ట) పెట్టి ఒక ఫొటో తీసుకోవాలి. రెండు సెకన్ల పని, తరువాత గంటలు మిగులుతాయి.

సెట్టింగులు కదపకూడదన్న మాటకు రాణి రంగు, కుంకుమ ఎరుపు చీరలు మినహాయింపు, వీటికి ఇంకొంత జాగ్రత్త అవసరం. ఫొటో మొత్తంగా చూస్తే వెలుతురు సరిగ్గానే ఉన్నట్టు కనిపించినా, ఎరుపు ఛానెల్ ఒక్కటే గరిష్ఠానికి చేరి, పోగుల మధ్య తేడా పోయి, చీర ఎర్ర కాగితంలా మారుతుంది. మిగతా చీరల కంటే వీటిని కొద్దిగా తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసి, హిస్టోగ్రామ్‌లో (కెమెరా చూపే వెలుగునీడల గ్రాఫ్‌లో) ఎరుపు కుడి గోడకు తాకడం లేదని నిర్ధారించుకోవాలి. కుదిరితే ‘రా’లోనే, అంటే సెన్సార్ పట్టిన సమాచారాన్ని అలాగే దాచే ఫైలుగానే, తీయాలి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటే 14 బిట్ రాలో 16,384 మెట్లు ఉంటాయి కనుక తరువాత రంగు సవరించడానికి చోటు ఉంటుంది. ఫోన్‌తో తీసేవారు ప్రో మోడ్‌లోకి వెళ్లి, దృశ్యాన్ని బట్టి రంగులు పెంచే ఆప్షన్లను ఆపివేయాలి, ఎందుకంటే ఫోను ఫొటో తీసేలోపే తనకు తెలిసిన ఏఐని ఒకసారి ప్రయోగిస్తుంది, దాని మీద మనం మరోసారి ప్రయోగిస్తే బట్ట ప్లాస్టిక్‌లా తయారవుతుంది.

ఫైళ్లను పేర్చుకోవడం

కార్డులోని ఫొటోలను ముందుగా ‘అసలు’ అనే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, దాని నకలు వేరే హార్డ్‌డిస్క్‌లో కూడా పెట్టాలి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఫలితాలు ఎప్పుడూ వేరే ఫోల్డర్‌లోకే వెళ్లాలి. ఫైలు పేరును చీర నంబరుతో మొదలుపెట్టి, చివర ఫొటో రకానికి ఒక అక్షరం చేరిస్తే సరిపోతుంది. ఈ పేర్లు పెట్టడం కూడా లైట్‌రూమ్, డిజికామ్ వంటి ఫొటో సాఫ్ట్‌వేర్‌లలో ఒకేసారి జరిగిపోతుంది.

గుంపులుగా విడదీసేటప్పుడు చాలామంది చీరల వారీగా విడదీస్తారు. అది అమ్మకానికి పనికొచ్చే వరుసే కానీ ఎడిటింగ్‌కు కాదు. నేను రెండు రకాలుగా విడదీస్తాను. రంగు, వెలుతురు సవరణల కోసం వెలుతురును బట్టి, అంటే పొద్దుటి కిటికీ దగ్గర తీసినవి ఒక గుంపు, మధ్యాహ్నం తీసినవి ఒక గుంపు, లైట్ల కింద తీసినవి ఒక గుంపు. ఏఐ సవరణల కోసం బట్టను బట్టి, అంటే ఇక్కత్ ఒకటి, గద్వాల జరీ అంచులు ఒకటి, నారాయణపేట గళ్లు ఒకటి. ఎక్స్‌పోజర్ బట్టను బట్టి మారదు, షార్పెనింగ్ వెలుతురును బట్టి మారదు. ఈ రెండింటినీ కలిపి ఒకే ప్రీసెట్‌లో (దాచుకున్న సెట్టింగుల కట్టలో) పెట్టుకున్నవారే తరువాత ఎక్కడ తప్పు జరిగిందో తెలియక తికమకపడుతుంటారు.

రంగు, వెలుతురు: ఏఐ లేకుండానే

లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఒక వెలుతురు గుంపును తెరిచి, గ్రే కార్డు ఉన్న ఫొటో మీద వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌ను నొక్కాలి. తరువాత ఎక్స్‌పోజర్ సరిచూసి, అసలు చీరను పక్కనే పెట్టుకుని రంగు సరిపోల్చాలి. ఆ ఫొటో ఎంపికలో ఉండగానే షిఫ్ట్ పట్టుకుని గుంపులో చివరి ఫొటోను నొక్కితే మధ్యవన్నీ ఎంపికవుతాయి, వాటిలో మొదటిది కొంచెం ఎక్కువ వెలుగుతో కనిపిస్తుంది. ఏ ఫొటో సెట్టింగులు మిగతావాటికి వెళ్తాయో చెప్పే గుర్తు అదే. ఇప్పుడు సింక్ నొక్కి, వచ్చే పట్టికలో వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్, ప్రొఫైల్ వంటివి మాత్రమే ఉంచి, క్రాప్, మచ్చలు తీసిన సవరణలు, మాస్క్‌ల (ఫొటోలో కొంత భాగానికే చేసే సవరణల) ముందున్న గుర్తులను తీసివేయాలి. ఒక చీర మీద దుమ్ము పడిన చోట చేసిన సవరణ ఇంకో చీర బుటా మీద పడితే ఆ బుటా మాయమవుతుంది. డబ్బు పెట్టలేనివారు డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇదే పనిని హిస్టరీ (చేసిన సవరణల జాబితా) కాపీ చేసి ఇతర ఫొటోలపై పేస్ట్ చేయడం ద్వారా చేసుకోవచ్చు, అది ఉచితం.

ఆటో బటన్ విషయంలో చిన్న భ్రమ ఉంది. అన్ని ఫొటోలనూ ఎంచుకుని ఆటో నొక్కితే అన్నీ ఒకేలా వస్తాయని అనుకుంటారు. ఆటో ప్రతి ఫొటోనూ విడిగా లెక్కకట్టి, ప్రతిదానికీ వేరే అంకెలు ఇస్తుంది. నల్ల కొంగు ఫొటోను తెల్లబరుస్తుంది, తెల్ల బాడీ ఫొటోను నల్లబరుస్తుంది, చివరికి ఒకే చీర ఆరు ఫొటోల్లో ఆరు చీరల్లా కనిపిస్తుంది. టోపాజ్ ఫొటో ఏఐ అనే సాఫ్ట్‌వేర్‌లోని ఆటోపైలట్ కూడా ఇలా ప్రతి ఫొటోనూ విడిగా చూసి నిర్ణయం తీసుకునేదే. వేరువేరు చోట్ల తీసిన పెళ్లి ఫొటోలకు అది ఉపకారమే కావచ్చు గానీ, చీరల వరుసకు మాత్రం దాన్ని ఆపి, అంకెలు మనమే ఇచ్చి, అవే అంకెలను గుంపు మొత్తానికి వర్తింపజేయాలి.

ఏఐకి అప్పగించే పనులు

మొదటిది నాయిజ్ తగ్గించడం. సాయంత్రం పూట ఐఎస్‌ఓ పెంచి తీసిన ఫొటోల్లో కనిపించే చుక్కలను తీయడంలో ఏఐ నిజంగా బాగా పనిచేస్తుంది. లైట్‌రూమ్‌కు ఏఐ డీనాయిజ్ 2023లో వచ్చింది, అది రా ఫైళ్ల మీద పనిచేసేలా తయారైనది. డీఎక్స్‌ఓ ప్యూర్‌రా కూడా ఈ పనికే ఉన్నది. ఏది వాడినా ఈ దశ రిటచింగ్‌కూ మాస్క్‌లకూ ముందే జరగాలి. లైట్‌రూమ్‌లో ముందుగా చూపే 50 అనే విలువ బట్టకు నా దృష్టిలో ఎక్కువే, జరీ పోగుల మధ్య ఉండే చిన్న మెరుపు చుక్కలను కూడా అది నాయిజ్‌గా భావించి నున్నగా చేస్తుంది. ఇక్కత్‌కు 30 దగ్గర, గద్వాల జరీకి 20 దగ్గర మొదలుపెట్టి చూడమంటాను. ఐఎస్‌ఓ 400 లోపు తీసినవాటికి నేను దీన్ని అసలు వాడను.

రెండవది షార్పెనింగ్, దీని సంగతి పైన చెప్పాను. ఇక్కత్ గుంపుకు ఏఐ షార్పెనింగ్ పూర్తిగా ఆపివేసి, మామూలు షార్పెనింగ్‌నే తక్కువగా, చిన్న రేడియస్‌తో పెడితే పోగులు కనిపిస్తాయి, బొమ్మ అంచు చెదురు చెదురుగానే మిగులుతుంది. చేయి కదిలి నిజంగానే మసకబారిన ఫొటో ఉంటే దాన్ని ఏఐతో బతికించడం కంటే చీరను మళ్లీ బల్ల మీద పరిచి తీయడమే త్వరగా అయ్యే పని. ముఖాలను మెరుగుపరిచే ఆప్షన్ ఉంటే దాన్ని కూడా ఆపాలి. ఒక కొంగు మీది ఏనుగు బొమ్మల్లో ఒకదానికి సాఫ్ట్‌వేర్ మనిషి కన్ను లాంటిది పెట్టిన సందర్భం నాకు ఎదురైంది.

నారాయణపేట గళ్ల చీరలకూ సన్నటి నేత ఉన్న చీరలకూ వేరే బెడద ఉంది. పోగుల వరుసలు, కెమెరా సెన్సార్ వరుసలు ఒకదానితో ఒకటి ఢీకొని, చీర మీద లేని అలలు, ఇంద్రధనుస్సు చారలు ఫొటోలో పడతాయి. దీన్ని మాయిరే అంటారు. ఏఐ దీన్ని చీర డిజైన్‌గానే భావించి ఇంకా స్పష్టం చేస్తుంది. కాబట్టి ఈ గుంపును ఏఐకి ఇచ్చే ముందే 100 శాతం సైజులో చూసి, మాయిరే ఉన్నవాటిని పక్కన పెట్టాలి. లైట్‌రూమ్‌లో మాస్క్ వేసి మాయిరే స్లయిడర్‌తో రంగు చారలను తగ్గించవచ్చు. వెలుగునీడల అలలు మాత్రం దానితో పోవు. వాటికి కెమెరాను ఒక అడుగు ముందుకో వెనక్కో జరిపి మళ్లీ తీయడమే మందు.

మూడవది సైజు పెంచడం. పాత ఫోన్ ఫొటోలు, వాట్సాప్‌లో కుంచించుకుపోయి వచ్చినవి మాత్రమే దీనికి అర్హమైనవి. అప్‌స్కేల్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో బ్యాచ్ ఆప్షన్‌ను ఆన్ చేసి, లోపలి ఫోల్డర్‌ను, బయటి ఫోల్డర్‌ను చూపి వదిలేస్తే అది వరుసగా చేసుకుపోతుంది. అయితే నాలుగు రెట్లు అన్నప్పుడు పొడవూ వెడల్పూ రెండూ నాలుగు రెట్లవుతాయి, అంటే పిక్సెళ్లు 16 రెట్లు. 4000 బై 3000 ఉన్న ఫొటో 16,000 బై 12,000 అవుతుంది. అంతటి ఫొటోను వెబ్‌సైట్‌లో చూపలేము, డిస్క్ నిండిపోతుంది, పైగా లేని పోగులను ఏఐ తానే ఊహించి అల్లుతుంది. రెండు రెట్లు దాటవద్దు. నేటి కెమెరాతో తీసిన ఫొటోలకు ఈ దశే అవసరం లేదు.

వెనుక గోడను తీసివేసి తెల్ల నేపథ్యం పెట్టే పని కూడా బ్యాచ్‌లో జరుగుతుంది. మడతపెట్టిన చీరలకు బాగానే వస్తుంది. కొంగు కుచ్చులు కనిపించే ఫొటోల్లో సగం కుచ్చులు ఎగిరిపోతాయి, తెల్ల అంచు చీరలకు అంచే ఎగిరిపోతుంది. ఆ రెండింటినీ ఈ బ్యాచ్‌లోంచి తీసి చేతితో చేసుకోవాలి, లేదా బూడిద రంగు గుడ్డ మీద తీసి అలాగే వదిలేయాలి. ఇంటి ఆడవారే చీర కట్టుకుని నిలబడిన ఫొటోలు ఉంటే వాటిని ఉచిత వెబ్‌సైట్లలోకి ఎక్కించకుండా, సొంత కంప్యూటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్‌తోనే చేయాలని నా అభిప్రాయం.

నమూనా, ఆ తరువాత రాత్రి పని

మొత్తం గుంపును నడిపించే ముందు ఐదు ఫొటోలతో నమూనా తీయాలి. ఆ ఐదూ అందంగా వచ్చినవి కాకూడదు, ఇబ్బంది పెట్టేవి కావాలి. అన్నింటికంటే చీకటిది, అన్నింటికంటే వెలుగుది, ముదురు ఎరుపుది, జరీ ఎక్కువున్నది, తెల్లని చిటికి బొమ్మ నల్ల నేల మీద ఉన్నది. తేలియా రుమాల్ (నూనె పట్టించిన నూలుతో నేసే ఇక్కత్ బట్ట) ఉంటే ఈ చివరి స్థానానికి అదే తగినది, ఎరుపు, నలుపు, తెలుపు మూడూ పక్కపక్కనే ఉండడం వల్ల సాఫ్ట్‌వేర్ ఎక్కడ అతి చేస్తుందో వెంటనే బయటపడుతుంది. ఫలితాన్ని 100 శాతం సైజులో, అసలు ఫొటో పక్కన పెట్టి, చేతిలో చీర పట్టుకుని చూడాలి. ఇంకా మంచిది, నేసినవారికి చూపడం.

నమూనా నడిచేటప్పుడే గడియారం చూసుకోవాలి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో ఫొటోకు 20 సెకన్లు పడితే 360 ఫొటోలకు రెండు గంటలు పడుతుంది. కార్డు లేని పాత ల్యాప్‌టాప్‌లో ఒక్కో ఫొటోకే నిమిషాలు పట్టవచ్చు, అప్పుడు రాత్రంతా వదిలేయడమే దారి. కరెంటు పోయే అవకాశాన్ని లెక్కలో ఉంచుకుని, ఒకే పెద్ద బ్యాచ్‌గా కాక 50 ఫొటోల చొప్పున చిన్న బ్యాచ్‌లుగా, ఒక్కోదానికి వేరే ఫోల్డర్‌తో నడిపించాలి. మధ్యలో ఆగిపోయినా ఎక్కడ ఆగిందో తెలుస్తుంది, చివరి ఫైలు సగం రాసి పాడైతే దాన్ని తీసేసి అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లే సెట్టింగును ఆపడం మరచిపోతే పొద్దున చూసేసరికి మూడు ఫొటోలే అయి ఉంటాయి.

పొద్దున వచ్చాక ఫొటోలను ఒక్కొక్కటిగా తెరవకండి. అన్నింటినీ చిన్న బొమ్మలుగా ఒకే తెర మీద పరిస్తే రంగు తేడాగా ఉన్నవి బియ్యంలో రాళ్లలా వాటంతట అవే కనిపిస్తాయి. వాటిని పక్కకు తీసిన తరువాత ప్రతి పదో ఫొటోను 100 శాతంలో చూడాలి. కొంగు ఫొటోలను మాత్రం అన్నింటినీ చూస్తాను, కొనేవారు జూమ్ చేసి చూసేది దాన్నే.

ఎగుమతిలో కలర్ స్పేస్ (ఫైలులో రంగులను రాసే పద్ధతి) ఎస్‌ఆర్‌జీబీ, జేపెగ్ క్వాలిటీ 80 నుంచి 85, పొడవైన వైపు 2,048 పిక్సెళ్లు పెడితే వెబ్‌సైట్‌కూ ఫోన్‌కూ చాలు. అడోబ్ ఆర్‌జీబీలో పంపితే కొన్ని చోట్ల రంగులు వెలిసిపోయినట్టు కనిపించి, చీర పాతదేమోనని ఫోన్లు వస్తాయి. వాట్సాప్‌లో పంపవలసి వస్తే ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపాలి.

చీర వెనుక వైపు ఫొటోకు నేను ఫైలు పేరు చివర వేరే అక్షరం పెట్టి, ఏఐ బ్యాచ్‌లన్నింటిలోంచి తప్పిస్తాను. ఇక్కత్‌లో రంగు నూలుకే ఉంటుంది కనుక ముందూ వెనుకా ఒకేలా కనిపిస్తాయి, అచ్చు చీరలో సాధారణంగా వెనుక వైపు వెలిసినట్టు ఉంటుంది. తెలిసిన కొనుగోలుదారు ఆ ఒక్క ఫొటోనే అడిగి మరీ తెప్పించుకుంటారు. దానికి వైట్ బ్యాలెన్స్ సరిచేసి, క్రాప్ చేసి, అలాగే పంపుతాను.